తోటలోని పురుగు, గూటిలోని నల్లి

మన పెరళ్ళలో రెండు మళ్ళ కూరగాయలును, నాలుగు కోళ్ళును ఉండుట సామాన్యము. పురుగు కనబడినతోడనే అంగడికి పోయి మందు తెచ్చి చల్లుటయు నంతే సామాన్యమైనది. కాని అంతకుముందే విచారింపవలసిన విషయములు మూడు కలవు. ఆ పురుగు ఎచ్చట పుట్టుచున్నది? ఎచ్చట దాగుచున్నది? ఎప్పుడు మన చేతికి సులభముగా చిక్కును? ఈ మూడును ఎఱిగినవానికి విషముతో పని మిక్కిలి తక్కువ.

వంగతోటను చూడుడు. కొమ్మకొన వాడి తల వాల్చినయెడల లోపల తొలుచుపురుగు చేరినదని గుఱుతు. అది కాడలోపల నుండుటచే పైని చల్లిన మందు దానికి సులభముగా తగులదు. వాడిన కొనను వెంటనే త్రుంచి కాల్చివేసినచో, ఆ పురుగు రెక్కలు వచ్చి మరల గ్రుడ్లు పెట్టుట తప్పును. పొగాకు లద్దెపురుగు పెక్కు పైరులను తినును. దాని తల్లి ఆకుల యడుగున వందలకొలది గ్రుడ్లను ఒక్కచోట కుప్పగా పెట్టును. మడిగట్టున కొన్ని ఆముదపు మొక్కలను నాటినయెడల అది వానినే కోరి వచ్చును. ప్రతిదినము ఆ యాకులను త్రిప్పిచూచి, గ్రుడ్లున్నవానిని కోసి నాశనము చేయుట బాలబాలికలు చేయదగిన పని.

తోటలో మనకు మిత్రులును కలరు. చిక్కుడుతీగపై పేనుబంక పట్టినప్పుడు దానిని తినుటకు అక్షింతల పురుగులు చేరును. వాని పిల్లలు నల్లగా, పొడవుగా నుండి తల్లిని పోలియుండవు. కావున వానిని శత్రువులని తలంచి పలువురు చంపుచుందురు. 1888వ సంవత్సరమున కాలిఫోర్నియాలో నారింజతోటలు పిండిపురుగువలన నశించుచుండగా, ఆస్ట్రేలియానుండి ఒక జాతి అక్షింతల పురుగును తెప్పించి విడిచిరి. కొలదికాలములోనే తోటలు కోలుకొనెను. అటుపిమ్మట 1940వ దశాబ్దమున కొన్ని తోటలలో డి.డి.టి. చల్లగా ఆ మిత్రకీటకములు చచ్చెను. పిండిపురుగు మరల విజృంభించెను. విషమునకు శత్రుమిత్రభేదము తెలియదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

చేతితో ఏరుట చాలనప్పుడు వేపగింజల కషాయము వాడవచ్చును. ఎండిన వేపపప్పును 50 గ్రాములు దంచి, ఒక లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, గుడ్డతో వడియగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి చల్లవలయును. ఇది పురుగును తత్‌క్షణమే చంపదు. పురుగు మేత మానును. కుబుసము విడువజాలక క్రమముగా నశించును. ఎండకు దీని గుణము పోవును గనుక సాయంకాలముననే చల్లవలెను.

ఇక కోళ్ళగూటిని చూతము. కోడిపై నివసించు పేను వేఱు, ఎఱ్ఱనల్లి వేఱు. నల్లి పగలెల్ల గూటి పగుళ్ళలోను, కోళ్ళు కూర్చుండు కఱ్ఱల సందులలోను దాగి, రాత్రి వెలువడి రక్తము పీల్చును. కావున పగటివేళ కోడిని పరీక్షించిన ఏమియు కనబడదు. కోళ్ళు మునిమాపున గూటిలోనికి పోవ వెనుదీసినను, వాని జుట్టు పాలిపోయినను, రాత్రి దీపము తీసికొని ఆ సందులను చూడుడు. నల్లి ఇల్లు గూడే గాని కోడి కాదు. చికిత్సయు ప్రధానముగా గూటికే చేయవలెను. కోళ్ళను వెలుపలికి తోలి, గూటిని ఊడ్చి, సందులలో మరగునీరు పోసి (ఇది పెద్దలు చేయవలసిన పని), ఆరినపిదప సున్నము పూయవలయును. వేసవిలో ఒక్క వారములోనే క్రొత్తతరము పెరుగును గనుక, వారమునకు మరల ఇట్లే చేయవలెను. పేలకై, బూడిదయు పొడిమన్నును నింపిన గుంట నొకటి ఏర్పఱచినచో కోళ్ళు తామే అందు పొరలాడి కొంత వదలించుకొనును.

తోటమందును గూటిలో చల్లుట యెంతమాత్రము తగదు. 2017వ సంవత్సరమున హాలండు దేశములో ఈ నల్లిని చంపుటకై కొన్ని కోళ్ళశాలలలో ఫిప్రోనిల్ అను మందును వాడిరి. ఆహారమునకై పెంచు జంతువులకు అది అచ్చట నిషిద్ధము. ఆ మందు కోళ్ళ దేహములలో చేరి గ్రుడ్లలోనికి వచ్చెను. పలు దేశములలో లక్షలకొలది గ్రుడ్లను అంగళ్ళనుండి తొలగింపవలసి వచ్చెను. నల్లిమీద చల్లిన విషము తుదకు పిల్లలు తిను పళ్ళెమునకే చేరినది.

విద్యార్థులారా! తప్పనిసరియైనప్పుడు పెద్దలు డబ్బాపై వ్రాసిన కొలతను, కోతకుముందు విడువవలసిన దినములను పాటించి మందు వాడుదురుగాక. దానికి ముందు చేయవలసినది మీ చేతిలోనే యున్నది. వారమున కొకమారు ఆకుల యడుగును, గూటి సందులను చూచి, కనబడినదానిని ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. పురుగు కొలదిగా నున్నప్పుడే దానిని చూచినవానికి చేతి రెండు వ్రేళ్ళే చాలిన యాయుధము.