పెద్దయ్యాక సైకిలు వస్తుందా?

వస్తుంది. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు వేలమంది సైకిలూ నేర్చుకున్నారు. పిల్లల తల్లులు కూడా సైకిలుకు బిందె కట్టుకుని నీళ్లకు పోయారు.

అమీర్‌పేట, పంజాగుట్ట పెద్దరోడ్ల మీద నేర్చుకోకూడదు. బస్సులు, ఆటోల రద్దీ తెలిసిందే కదా! పొద్దున్నే ఖాళీగా ఉన్న గల్లీ చాలు.

సీటు దించాలి. రెండు పాదాలూ నేలకు ఆనాలి. ముందు పెడలు తొక్కొద్దు. కాళ్లతో నేలను నెడుతూ పోవాలి. చూపు చక్రం మీద కాదు, దూరంగా ఉండాలి. కొత్తవాళ్లు పడేది ఎక్కువగా ఇక్కడే. తూకం కుదిరాక పెడలు తొక్కాలి. చీర కుచ్చిళ్లు గొలుసులో పడకుండా చూసుకోవాలి.

సైకిలు తొక్కితే గుండెకు బలం. ఒంటి బరువు సీటు మోస్తుంది, మోకాళ్లకూ సులువు. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు చాలు. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.