బొమ్మ రైలును ఎంతవరకు తోమాలి?

బస్తరు ప్రాంతంలోని దోర్నపాల్‌కు రైలు రాదు. కొత్తవలస నుంచి వచ్చే లైను బైలాడిలా కొండల దగ్గర, కిరండూల్‌లోనే ఆగిపోతుంది. అయినా పాత బొమ్మ రైళ్లు ఎందుకు చెడతాయో బస్తరు వానాకాలం బాగా చెబుతుంది. వాటిని దుమ్ము కన్నా ఎక్కువగా పాడుచేసేవి తేమ, అతిగా తోమడం. 1891లో లైప్‌జిగ్ సంతలో మార్క్‌లిన్ కంపెనీ నిర్ణీత కొలతల పట్టాలను ప్రదర్శించిన కాలానికి బొమ్మ రైలంటే రంగు వేసిన రేకు. 1920లో ఫ్రాంక్ హార్న్‌బీ లివర్‌పూల్‌లో కీ ఇచ్చి నడిపే రైళ్లు మొదలుపెట్టాడు. 1938లో హార్న్‌బీ సంస్థ తెచ్చిన డబ్లో వరసలో ఇంజను ఒడలిని జింకు మిశ్రమంతో పోత పోశారు. అసలు చిక్కు అక్కడుంది. ఆ జింకులో కొద్దిపాటి సీసం కలిసినా లోహపు రేణువుల సరిహద్దుల వెంట తుప్పు మొదలవుతుంది. ఒడలు ఉబ్బి, బీటలు వారి, పొడిగా రాలిపోతుంది. వేడి, తేమ ఆ పనిని తొందర చేస్తాయి. ఏ ద్రవమూ దాన్ని బాగు చేయలేదు. బీటలున్న ఇంజనును నీళ్లలో ముంచడం ఆ జబ్బుకు మేత వేయడమే.

పట్టాలు తోమకపోతే రైలు నడవదు కదా అంటారు. నిజమే. డబ్లో మోటారుకు 12 వోల్టుల కరెంటు పట్టాల నుంచి, వాటిని తాకే భాగాల ద్వారానే అందుతుంది. ఆ తాకిడి దగ్గర పుట్టే చిన్న నిప్పురవ్వలకు నూనె, దుమ్ము తోడై నల్లటి పొర కడుతుంది. కానీ ఉప్పుకాగితంతో రుద్దితే పట్టా మీద గీతలు పడి, వాటిలో మురికి మరింత త్వరగా చేరుతుంది. ప్లగ్గు తీసేసి, కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని, నూలుగుడ్డకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి అంటించి పట్టాలను, చక్రాలను తుడిస్తే చాలు. రంగు మీద మాత్రం అది పడకూడదు. పాత రంగులను, అక్షరాలను కరిగించేస్తుంది. దుమ్మే తేమను పట్టి ఉంచుతుంది, ఊరుకుంటే ఎలా అన్న అభ్యంతరమూ సబబే. అందుకే ఒడలికి పొడి మెత్తని బ్రష్షు వాడాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి వాటిని గీకకూడదు, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. ఇరుసుకు పల్చటి నూనె ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే పట్టాల మీదికి పాకి మళ్లీ మురికిని పట్టుకుంటుంది. నడిపి చూడాలనుకుంటే ముందు ట్రాన్స్‌ఫార్మర్ వైరు చూడాలి. దాని రబ్బరు పగిలి ఉంటే 230 వోల్టుల ప్లగ్గులో పెట్టవద్దు, ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.