యథార్థ కథాచిత్రములు – వృత్తినటులు కాని పాత్రధారులు

జరిగిన సంఘటనలను చలనచిత్రముగా నిర్మించునప్పుడు నటనము వృత్తిగా లేనివారిని పాత్రలకు ఎన్నుకొను పద్ధతి యొకటి కలదు. దాని గుణమును, పరిమితిని ఖమ్మం–భద్రాచలం అటవీప్రాంతమును దృష్టియందుంచుకొని ఇచట పరిశీలింతుము.

తెలుగున ఇందుకు ముఖ్యమైన ఉదాహరణము 1980లో విడుదలైన ‘మా భూమి’. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారముగా తెలంగాణ రైతాంగ పోరాటమును గౌతమ్ ఘోష్ ఇందు చిత్రించెను. బి. నర్సింగరావు నిర్మాతలలో ఒకడు. నాయకపాత్ర ధరించిన సాయిచంద్‌కు ఇదియే తొలిచిత్రము. మెదక్ ప్రాంతపు మంగళపర్తిలో జరిగిన చిత్రీకరణమున గ్రామస్థులు పాల్గొనిరి. నాగలి పట్టిన చేతివాటము, మూట మోయు మెడబిగువు, దొర యెదుట ఒదిగిన నడుము – ఇవి కొలదిదినముల శిక్షణచే అలవడునవి కావు. అయినను దీర్ఘసంభాషణలు గల పాత్రలను కడదాక నిలుపుటకు అభ్యాసము వలయును. కావుననే కాకరాల వంటి అనుభవజ్ఞులును ఇందు నటించిరి.

ఆ పోరాటపు ఉత్తరభాగము, అనగా 1948 సెప్టెంబరు పోలీసుచర్య మొదలు 1951 వరకు జరిగినది, చాలవరకు గోదావరీతీరారణ్యములకు చెందినది. దళములకు ఆశ్రయమిచ్చిరని కోయగూడెములను ఖాళీచేయించి, ప్రజలను శిబిరములలో నుంచిరి. ఈ చరిత్రను చిత్రముగా తీయబూనువారికి రెండు చిక్కు లెదురగును.

మొదటిది భాష. కోయభాష గోండీకి సన్నిహితమైన ద్రావిడభాష. కోయవృద్ధునిచే తెలుగుమాటలు వల్లెవేయించినచో, ఏ సహజత్వమునకై అతనిని ఎన్నుకొంటిమో అదియే నశించును. మరియు, వృత్తినటుడు కాడనినంత మాత్రమున కళ యెరుగనివాడు కాడు. సమ్మక్క–సారలమ్మల కథను గానముచేయు డోలీలు కోయలకు గలరు.

రెండవది కథపై అధికారము. తాతలు పడిన బాధను మనుమలు కెమెరా యెదుట మరల అనుభవింపవలసి వచ్చునప్పుడు, ఆ కథను సరిదిద్దు హక్కు వారికుండవలదా? 1966 నాటి ‘ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ చిత్రమున అల్జీరియా పోరాటనాయకుడగు సాదీ యాసెఫ్ తన జీవితమును పోలిన పాత్రను ధరించెను. చిత్రమునకు ఆధారమైనది అతని స్మృతులే. నిర్మాణమునను అతడు భాగస్వామి.

కావున ముఖమును మాత్రమే ఎరవు తీసికొనుట చాలదు. ఎవరి బ్రదుకు కథయైనదో వారి భాషయు, జ్ఞాపకమును, అభ్యంతరమును రచనాదశయందే స్థానము పొందినప్పుడే అట్టి చిత్రము యథార్థమను పేరునకు తగియుండును.