పండగపూట షుగర్ మాత్ర, ఆలస్యమైన విస్తరి

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో ఏ ఇంటికెళ్లినా షుగర్ ఉన్నవాళ్లకు చెప్పే మాట ఒకటే: "తీపి ముట్టుకోకండి." మంచి మాటే. కానీ పండగ రోజుల్లో అంతకంటే ముందు ముంచుకొచ్చే ప్రమాదం వేళ తప్పిన భోజనం.

మామూలు రోజు ఎనిమిదింటికి మాత్ర, వెంటనే టిఫిన్. పండగనాడు పూజయ్యేదాకా టిఫిన్ ఉండదు. కొత్త అల్లుడొచ్చిన ఇల్లయితే వంటకాలన్నీ సర్ది, ఫొటోలు తీసి, విస్తరి ముందు కూర్చునేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. మాత్ర మాత్రం అలవాటు కొద్దీ ఎనిమిదింటికే పడిపోతుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు క్లోమం (ఇన్సులిన్ తయారుచేసే గ్రంథి) చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. కడుపులో తిండి లేకపోయినా వాటి పని ఆగదు. ఇన్సులిన్ ఇంజెక్షనూ అంతే. రక్తంలో చక్కెర డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తక్కువకు పడిపోతే దాన్ని హైపోగ్లైసీమియా (షుగర్ డౌన్ కావడం) అంటారు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఇది అరుదు. అందుకే పండక్కి ముందే చీటీ చూపించి, తిండి ఆలస్యమైతే ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ను అడగాలి.

చెమటలు, వణుకు, గుండెదడ, చిరాకు, మాట తడబడటం దీని లక్షణాలు. సందడిలో ఉన్న ఇంట్లో "పెద్దాయనకు నిద్ర చాల్లేదు" అనుకుని వదిలేస్తారు. భయం అక్కడే. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ పరీక్ష చేసి, తేరుకోగానే భోజనం పెట్టాలి. ఆ సమయంలో అరిసె, కాజా పనికిరావు. వాటిలోని నెయ్యి, నూనె చక్కెర రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తాయి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. అసలు ఇంతదాకా రాకుండా, షుగర్ ఉన్నవాళ్లకు మొహమాటం లేకుండా ముందే వడ్డించెయ్యాలి.

ఇక తీపి సంగతి. బెల్లంతో చేసింది ఫర్వాలేదన్న నమ్మకం మన ఊళ్లలో గట్టిగా ఉంది. బెల్లంలోనూ ఎక్కువ భాగం సుక్రోజే (పంచదారలో ఉండే చక్కెర). పైగా అరిసెలో తడి బియ్యప్పిండి ఉంటుంది. అదీ అరిగాక గ్లూకోజే అవుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకు సంగతీ ఇంతే: రేకు బియ్యానిది, లోపల బెల్లమో పంచదారో. షుగర్ లెక్కలో ఈ రెంటికీ పెద్ద తేడా లేదు. తినాలనిపిస్తే చిన్న ముక్క భోజనంలోనే తిని, ఆ మేరకు అన్నం తగ్గించడం మేలు. కూర, పప్పు ముందు తింటే చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. సాయంత్రం ఖాళీ కడుపున టీతో అరిసె తింటే ఒక్కసారిగా ఎగబాకుతుంది.

ప్రయాణాల్లో మందులు చేతి సంచిలోనే ఉండాలి. హైదరాబాద్ నుంచి వచ్చే దారిలో పండగ రద్దీకి గంటలు గంటలు ఆలస్యమవుతుంది, అప్పుడు డిక్కీలోని పెట్టె అక్కరకు రాదు. ఊళ్లో ఫ్రిజ్ పాలతో, కనుమకు తెచ్చిన మాంసంతో నిండిపోయి, ఇన్సులిన్‌ను ఎవరో ఐసు పెట్టెలోకి నెట్టేస్తారు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు భోగి మంట దగ్గర, రేవు మెట్ల మీద చెప్పులు విప్పితే రాత్రికి కాళ్లు చూసుకోవాలి. కాలినా, గీసుకున్నా నొప్పి తెలియదు.

ఇంకో మాట. హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల చక్కెర సగటు) ఫిబ్రవరిలో పెరిగిందంటే దోషం పండగ నాలుగు రోజులదే కాకపోవచ్చు. అరిసెలు వారాల తరబడి నిలవుంటాయి. డబ్బా అందుబాటులో ఉన్నన్నాళ్లూ రోజూ ఒకటి కడుపులోకి వెళుతూనే ఉంటుంది. ఊరెళ్లే పిల్లల సంచుల్లో ఆ డబ్బాలు సర్దేస్తే సరి.