వేలి కింది ఊరు జారిపోరాదు

సెల్‌ఫోను ఆటలో పటాన్ని వేలితో జరపడం, రెండు వేళ్లతో పెద్దది చేయడం నేడు గుడివాడ, బందరు, దివిసీమ పల్లెల పిల్లలకు కొత్త కాదు. 2007లో ఐఫోను వచ్చాక ఈ పద్ధతి లోకమంతా పాకింది. ఫిన్లాండు సంస్థ 2012లో విడుదల చేసిన ‘క్లాష్ ఆఫ్ క్లాన్స్’లో ఆటగాడు తన ఊరిని చూసుకునేది ఇలాగే. అయితే ఆట తయారుచేసేవారికి ఇది చూసినంత సులభం కాదు.

కృష్ణా డెల్టా పటం మీద పడవ నడిపే ఆట ఒకటి ఉందనుకుందాం. తెర మీద గుడివాడ కనిపిస్తోంది. అవనిగడ్డ దక్షిణాన ఉంది కనుక పటాన్ని వేలితో పైకి తోయాలి. వేలు ఎంత కదిలితే పటమూ అంతే కదలాలి. గెడ ఎత్తాక పడవ జారినట్లు, వేలు తీశాక పటం కాస్త జారి ఆగితే కంటికి ఇంపుగా ఉంటుంది. పటం అంచు దాటి ఖాళీ తెర కనిపించకుండా హద్దు కట్టాలి.

రెండు వేళ్ల లెక్క

వేళ్ల మధ్య దూరం రెట్టింపైతే పటమూ రెట్టింపు కావాలి. పొరపాటు జరిగేది ఇక్కడే. పులిగడ్డ వద్ద కృష్ణ చీలే చోట వేళ్లు పెట్టి విడదీస్తే, ఆ చోటు వేళ్ల నడుమే నిలవాలి. తెర నడిమధ్య నుంచి పటాన్ని పెంచితే పులిగడ్డ పక్కకు పోతుంది. అది ఎంత తప్పుకుందో లెక్కగట్టి పటాన్ని అంత వెనక్కి జరపాలి. ఒక వేలు ముందు లేస్తే లెక్క మళ్లీ మొదలుపెట్టాలి. లేకుంటే పటం ఒక్కసారిగా గెంతుతుంది.

తడి చేతుల చిక్కు

ఈ తెరలు వేలి స్పర్శను విద్యుత్తు మార్పుతో పసిగడతాయి. నీటి చుక్కలకూ అలాంటి మార్పే వస్తుంది. అందుకే చెరువు గట్టున, వలల దగ్గర తడి చేతితో తాకితే తెర తికమకపడుతుంది. చేయి, తెర తుడుచుకోవడమే మందు. వణికే వేలి చిన్న కదలికను ఆట పట్టించుకోరాదు. ఒక చేత్తోనే ఫోను వాడేవారికి కూడిక, తీసివేత గుర్తుల మీటలు పెట్టాలి.

ఈ లెక్క ఆటలకే పరిమితం కాదు. తుఫాను దారి చూపే పటాన్ని తెరిచేదీ ఈ వేళ్లతోనే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమవాసుల చేతిలో అలాంటి పటం లేదు. నేడు ఉంది. పెద్దవారు తమ ఊరి మీద వేలు పెట్టి చూస్తే, ఆ ఊరు జారిపోకుండా కనిపించాలి.