అవయవ మండలములు – మన్యపు జ్వరము నేర్పు పాఠము



ఒకే కార్యమునకై కలిసి పనిచేయు అవయవముల సముదాయమునకు మండలమని పేరు. పాఠ్యపుస్తకములో జీర్ణమండలము, శ్వాసమండలము, రక్తప్రసరణ మండలము, నాడీమండలము మున్నగునవి వేర్వేరు ప్రకరణములుగా కనబడును. శరీరములో వాని నడుమ గోడలు లేవు. ఒకదానికి కీడు కలిగినచో తక్కినవియు క్రుంగును. ఈ సత్యమును గ్రహించుటకు, కోరాపుట్, రాయగడ కొండలను చిరకాలముగా పీడించుచున్న మలేరియాను గమనించిన చాలును. మన పెద్దలు దీనిని చలిజ్వరమనియు, మన్యపు జ్వరమనియు పిలిచిరి.

ఇటలీ భాషలో మలేరియా అనగా చెడుగాలి అని అర్థము. పూర్వులు ఈ రోగము చిత్తడినేలల గాలివలన వచ్చునని తలచిరి. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తములో దీనికి కారణమగు పరాన్నజీవిని చూచెను. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు మన తెలుగునేలపైననే, సికింద్రాబాదులో, దోమ కడుపునందు దానిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను.

ఇక ఆ పరాన్నజీవి వెంట మనమును ప్రయాణము చేయుదము.

చర్మము శరీరమునకు కోటగోడ వంటిది. అనోఫిలిస్ జాతి ఆడదోమ రాత్రివేళ ఈ గోడను తన సూదివంటి ముక్కుతో పొడుచును. దాని లాలాజలముతో పరాన్నజీవులు లోపల ప్రవేశించి రక్తమున కలియును. మన దేహమునందు సుమారు ఐదు లీటర్ల రక్తము కలదు. గుండె నిమిషమునకు 72 సార్ల చొప్పున, దినమునకు లక్ష సార్లు కొట్టుకొనుచు దానిని త్రిప్పుచున్నది. ఆహారమును, ప్రాణవాయువును మోయు ఆ ప్రవాహమే శత్రువును గూడ మోసికొనిపోయి, గంటలోపలనే కాలేయమునకు చేర్చును.

కాలేయము జీర్ణమండలమునకు చెందినది. ఆరు మీటర్ల పొడవుగల చిన్నప్రేగులో అన్నము జీర్ణమగుటకు కావలసిన పైత్యరసము దీనియందే పుట్టును. చక్కెరను నిలువచేయు కొట్టు కూడ ఇదియే. ఇచ్చట పరాన్నజీవి వారము దినములో, అంతకు పైననో దాగి వేలసంఖ్యలో వృద్ధిపొందును. అప్పుడు రోగికి ఏ బాధయు తోచదు. కావుననే దోమ కుట్టిన పది పదునైదు దినములకుగాని సాధారణముగా జ్వరము రాదు.

తరువాత అది ఎఱ్ఱ రక్తకణములలో దూరును. ఊపిరితిత్తులు పీల్చిన గాలినుండి ప్రాణవాయువును గ్రహించి అవయవములకు అందించునవి ఈ కణములే. వీని ఆయుర్దాయము సుమారు 120 దినములు. పరాన్నజీవి రెండుమూడు దినములలోనే వీనిని పగులగొట్టును. రక్తము పలుచనై, ఊపిరితిత్తులు ఎంత శ్రమించినను ప్రాణవాయువు చాలదు. బిడ్డ కొండ ఎక్కలేక రొప్పును. గర్భిణికి రక్తహీనత కలుగును. శిశువు తక్కువ బరువుతో పుట్టవచ్చును.

కణములు పగిలినప్పుడు మెదడు శరీరపు వేడిని పెంచవలెనని ఆజ్ఞాపించును. ఆ వేడిని పుట్టించుటకు కండరములు అదరును. అందుచేతనే ఒళ్లు కాలుచుండగా రోగి చలియని వణకుచుండును. కండరముల పనికి కావలసిన శక్తిని అందించు ఏటీపీ అను పదార్థమును 1929లో లోకమునకు తెలిపినవారిలో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరని ఈ సందర్భమున స్మరింపదగును.

ప్లీహము పాడైన రక్తకణములను వడగట్టు అవయవము. పని మితిమీరుటచే అది ఉబ్బి, ఎడమ ప్రక్కటెముకల క్రింద గట్టిగా చేతికి తగులును. దీనినే మనవారు కడుపులో బల్ల పెరిగెనందురు. మూత్రపిండములు దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రముగా విడుచును. రోగము తీవ్రమైనచో అవియు చెడును. మన ప్రాంతమున హెచ్చుగానున్న ఫాల్సిపారమ్ రకములో రోగపు కణములు మెదడులోని సన్నని రక్తనాళములను మూసివేయుటచే మూర్ఛ, స్పృహ తప్పుట, మరణము గూడ సంభవించవచ్చును. ఇట్లు ఒక దోమకాటుతో దాదాపు అన్ని మండలములును చలించిపోవుచున్నవి.

అయిన మనమేమి చేయవలెను? మన కొండవాగుల అంచున, మెల్లగా పారు తేటనీటిలో ఈ దోమలు గ్రుడ్లు పెట్టును. కావున రాత్రి దోమతెర తప్పనిసరి. జ్వరము వచ్చిన దినముననే ఆశా కార్యకర్తచేతగాని, ఆరోగ్యకేంద్రమునగాని రక్తపరీక్ష చేయించుకొనవలెను. జ్వరము తగ్గినదని మందును నడుమ మానరాదు. మిగిలిన పరాన్నజీవులు మరల విజృంభించును. ఒడిశా ప్రభుత్వము 2017లో ‘దమన్’ పథకమును ఆరంభించి, దుర్గమ గ్రామములలో జ్వరము లేనివారికిని పరీక్షలు జరిపించెను. ఏలనన, పలుమార్లు రోగమునకు గురియైనవారి రక్తములో జ్వరము లేకయే పరాన్నజీవి దాగియుండును. తరువాత రాష్ట్రమున రోగుల సంఖ్య బాగుగ తగ్గెను. అయినను రోగము సమసిపోలేదు.

తలిదండ్రులకొక మనవి. ఇంట తెలుగు మాటలాడు మనకు ఆసుపత్రిలో ఒడియా వినబడును. అంతమాత్రమున జంకనక్కరలేదు. జ్వరమునకు వారును జ్వరమనియే యందురు, వాంతి వాంతియే, ప్లీహము ప్లీహాయే, కాలేయమునకు మన పుస్తకములందున్న యకృత్తు అను పేరే వారికిని కలదు. ఊపిరితిత్తులను ఫుస్‌ఫుస్ అనియు, మూత్రపిండమును వృక్క అనియు వారందురు. మీ బిడ్డకు ఈ పేర్లు రెండు భాషలలోను తెలిసియున్నచో, తల్లి బాధను వైద్యునికి తడబడక చెప్పగలడు. జ్వరము ఎన్ని దినములనుండి యున్నది, మూత్రము నల్లబడినదా, మాట తడబడుచున్నదా అను మూడు సంగతులు వేళకు తెలిసిన యెడల వైద్యుడు ఒక ప్రాణమును నిలుపగలడు. బడిలో నేర్చిన శరీరశాస్త్రము ఇంటికి ఉపయోగపడుట ఇట్లే.