పాత నాణేలకు చింతపండు పెట్టకండి!

మన ఆడవాళ్లకి ఒక అలవాటుంది. ఏ వస్తువు నల్లగా కనిపించినా చెయ్యి ఊరుకోదు. ఇత్తడి కుందులు, రాగి చెంబు, వెండి కుంకుమ భరిణె... చింతపండు పెట్టి తోమి, తళతళలాడుతుంటే చూసుకుని మురిసిపోతాం. ఆ అలవాటే నా చేత ఒక పొరపాటు చేయించింది. ఇక దిద్దుకునే వీల్లేదు. కనీసం మీరైనా జాగ్రత్తపడతారని రాస్తున్నాను.

మా నాన్నగారికి పాత నాణేలు దాచే సరదా ఉండేది. పెద్ద సేకరణేం కాదు. బడిపంతులు జీతంతో కొనేదేముంటుంది? ఎవరో ఇచ్చినవీ, తాతగారి పెట్టెలో దొరికినవీ కలిపి ఒక పొడుం డబ్బాలో ఉండేవి. విక్టోరియా రూపాయిలు, మధ్యలో చిల్లున్న కానీలు, చార్మినారు బొమ్మతో నిజాం రూపాయి ఒకటి. అన్నిటికంటే ఆయనకి ప్రాణం ఒక రాగి డబ్బు. 19వ శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు టంకశాలలో వేయించిన కొన్ని నాణేల మీద తెలుగు అక్షరాలు కూడా ఉండేవి. ఇదీ అలాంటిదే. రోజూ మనం డబ్బు, డబ్బు అంటున్నది ఒకప్పుడు రాగి నాణెం పేరేనని ఆయనే చెప్పారు. సెలవుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, భూతద్దం చేతికిచ్చి, "చదువమ్మా, ఏం కనిపిస్తోంది?" అనేవారు. నల్లటి పొర మీద గీతలు మెల్లమెల్లగా అక్షరాలయ్యేవి.

ఆయన పోయాక అమ్మ ఆ డబ్బా నాకిచ్చింది. ఓసారి మా అబ్బాయి స్కూల్లో ప్రదర్శన పెట్టారు. తాతగారి నాణేలు అలా మకిలిగా ఉంటే ఏం బావుంటుందని, రాగివన్నీ రాత్రంతా చింతపండు రసంలో నానేశాను. పొద్దున్నే కొబ్బరి పీచుతో, గిన్నెలు తోమే పొడితో రుద్దాను. రాగి డబ్బు గులాబీ రంగులో నిగనిగలాడింది. తీరా చూస్తే, అక్షరాలే లేవు!

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నగారి డబ్బేదే?" అంది.

"అదేనమ్మా" అన్నాను.

ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

అక్షరాలు ఎక్కడికి పోయాయి? నాణేల సేకరణలో తలపండిన ఒక పెద్దాయన్ని అడిగితే అప్పుడు తెలిసింది. వందేళ్లకు పైగా గాలీ, తేమా తగిలిన రాగి, పైపైన కొంత మేర వేరే పదార్థంగా మారిపోతుంది. మనం చిలుము, మకిలి అంటాం గానీ, అది బయట నుంచి వచ్చి అంటుకున్న మురికి కాదు. ఆ నాణెం తాలూకు రాగే. బాగా పాతబడిన వాటిలో అక్షరాలు నిలిచేది ఆ పొరలోనే. చింతపండులో, నిమ్మకాయలో ఉన్న ఆమ్లం ఆ పొరని కరిగించేస్తుంది. దాంతో పాటే అక్షరాలూ పోతాయి. పైగా ఆ గట్టి పొరే లోపలి లోహానికి కవచం. అది పోయాక మళ్లీ తొందరగా నల్లబడుతుంది. మళ్లీ తోముతాం. అలా అరుగుతూనే ఉంటుంది.

వెండి సంగతీ అంతే. గాలిలో ఉండే గంధకంతో కలిసి పైన వెండి నల్లబడుతుంది. ఆ నలుపుని రుద్దేసిన ప్రతిసారీ కాస్త వెండి కూడా పోతుంది. టూత్ పేస్టు, విభూతి, వంటసోడా, కంసాలి దగ్గర మెరుగు... ఏదైనా నాణెం ముఖం మీద గీతలు పెట్టేదే. సేకరించేవాళ్లు భూతద్దంలో ఆ గీతలు చూసి, "ఇది తోమిన నాణెం" అని పక్కన పెట్టేస్తారు. ధర పడిపోతుంది. మెరుస్తుంటే విలువ పెరుగుతుందనుకోవడం మన భ్రమే.

మరి అసలు ఏమీ చెయ్యకూడదా? చెయ్యొచ్చు. కానీ ముందు ఏ లోహమో తెలుసుకోవాలి. పాత రూపాయిలన్నీ ఒకే రకం కాదు. విక్టోరియా రూపాయి బరువు 11.66 గ్రాములు, నూటికి దాదాపు 92 పాళ్లు వెండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 నుంచి ఆ వెండి సగానికి తగ్గింది. 1947 నాటి పులిబొమ్మ రూపాయి అచ్చం నికెల్. అయస్కాంతానికి అంటుకుంటుంది, చూడండి. నాణెం ఎలా ఉందో రెండువైపులా ఫోటో తీసి పెట్టుకోండి. నేను ఆ పనైనా చెయ్యలేదు.

పైన వట్టి దుమ్మూ, జిడ్డూ ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్లు మార్చి, మెత్తటి నూలుగుడ్డతో అద్దండి. రుద్దొద్దు. ప్లాస్టిక్ కవర్ల నుంచి అంటిన పచ్చటి బంకకైతే స్వచ్ఛమైన ఎసిటోన్ పనికొస్తుంది. లోహాన్ని అది ఏమీ చెయ్యదు. కానీ చప్పున అంటుకునే ద్రవం. వంటింట్లో, పొయ్యి దగ్గర ముట్టుకోకండి. గోళ్ల రంగు తీసే ద్రవంలో నూనెలూ, సువాసనలూ కలుస్తాయి కాబట్టి అది వద్దు. మన చేతులు ఆగాల్సింది ఇక్కడే.

రాగి, కంచు నాణేల మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతూ, తుడిచినా మళ్లీ వస్తుంటే మాత్రం ఊరుకోకూడదు. అది ఉప్పు చేరడం వల్ల వచ్చే తెగులు. తేమ ఉన్నంత కాలం లోహాన్ని తింటూనే ఉంటుంది. ఆ నాణేన్ని వేరు చేసి, పొడిగా ఉంచి, తెలిసినవాళ్లకి చూపించాలి. మ్యూజియంల వాళ్లూ శుభ్రం చేస్తారు. అయితే సూక్ష్మదర్శినిలో చూస్తూ, అవసరమైనంత మేరకే చేస్తారు. చింతపండుతో కాదు!

నిజానికి తోమడం కంటే దాచడమే అసలు సంరక్షణ. అంచులు పట్టుకుని తీయండి. చెమటలో ఉప్పుంటుంది. పి.వి.సి. కవర్లు వద్దు, పాలియెస్టర్‌వి వాడండి. రబ్బరు బ్యాండ్లు చుట్టకండి. వాటిలో గంధకం ఉంటుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి ఉంచండి. సీసపు నాణేలు చెక్కపెట్టెలో పెట్టకూడదు. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లటి పొడి అయిపోతుంది. ఇది మనకి బాగా పనికొచ్చే మాట. కోటిలింగాల, పెద్దబంకూరుల్లో బయటపడిన శాతవాహనుల నాణేల్లో సీసంవి కూడా ఉన్నాయి.

పొలంలోనో, పునాదుల్లోనో పాత నాణేలు దొరికితే కడగనే కడగకండి. పది రూపాయల విలువ దాటిన నిధి ఏదైనా దొరికితే కలెక్టరుకి తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. నాణేనికి అంటిన మట్టి కూడా చరిత్ర తెలిసినవాళ్లకి కబుర్లు చెబుతుంది.

"మరి వరలక్ష్మీ వ్రతానికో? లక్ష్మీదేవి ముందు మకిలి నాణేలు పెడతామా?" అని మా అత్తగారు నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. పూజలో కాసు ఉన్నది కొలవడానికి, సేకరణలో ఉన్నది చదవడానికి. అందుకని బాగా అరిగిపోయిన నాలుగు జార్జి రూపాయిలు పూజకని విడిగా ఉంచాను. వాటికి అభిషేకం, పసుపూకుంకుమా అన్నీ ఆవిడ ఇష్టం. మిగిలినవి నాన్నగారి డబ్బాలోనే, ఒక్కొక్కటీ విడి కవర్లో ఉన్నాయి.

అందులో అలల అంచు అణా ఒకటుంది. జార్జి చక్రవర్తి కాలం నాటిది. దాని మీద మిగతా భాషలతో పాటు తెలుగులో "ఒక అణా" అని ఉంటుంది. నల్లగానే ఉంది. మొన్న మా అబ్బాయికి భూతద్దం ఇచ్చి, "చదవరా, ఏం కనిపిస్తోంది?" అన్నాను. వాడు కాసేపు చూసి చదివాడు. అమ్మ పక్కనే కూర్చుని వింది.

ఆ రాగి డబ్బూ ఆ డబ్బాలోనే ఉంది. ఎవరైనా పాత నాణేలు తోమబోతుంటే తీసి చూపిస్తున్నాను.